పొద్దున పెంచి, రాత్రి తుంచి

ఇమ్యూనిటీ పెరుగుతుందని పొద్దున్నే పరగడుపున తిప్పతీగ కషాయం తాగేవాణ్ణి. రాత్రి పడుకోబోయే ముందు, అదే ఇమ్యూనిటీ గొంతు నొక్కే స్టెరాయిడ్ ఆయింట్‌మెంటును మెడకూ, మోచేతి మడతలకూ, కంటిరెప్పలకూ దట్టంగా పట్టించేవాణ్ణి. ఈ రెండు పనులూ ఒకే మనిషి, ఒకే రోజు, ఒకే దురద కోసం చేస్తున్నాడని నెలల తరబడి తట్టలేదు. చదువురానివాణ్ణయితే సరిపెట్టుకోవచ్చు. నేను పెనుకొండలో జీవశాస్త్రం చెప్పే మాస్టర్ని. మన శరీరంలో అతి పెద్ద అవయవం చర్మం అని బోర్డు మీద రాసి, కింద గీత కొట్టి, పిల్లల చేత పదే పదే అనిపించేవాణ్ణి.

పుట్టింది ధర్మవరంలో, పట్టుమగ్గాల చప్పుడు మధ్య. ఉద్యోగం పెనుకొండలో. చేసుకున్నది హిందూపురం పిల్లను. మూడూ ఒకే రైలుదారి మీదున్న ఊళ్లు. నా తెలివితక్కువతనం కూడా ఆ మూడు స్టేషన్ల మధ్యనే తిరిగింది.

అంతా శనివారాలతో మొదలైంది. వానలు పడ్డాక మా బడి ఆవరణలో వయ్యారిభామ నడుమెత్తు పెరుగుతుంది. 1565లో తళ్లికోట యుద్ధం ఓడిపోయాక విజయనగర రాజులు వచ్చి తలదాచుకున్న పెనుకొండలో, ఇప్పుడు తలెత్తుకుని నిలబడేది ఈ మొక్కే. కాంగ్రెస్ గడ్డి అనీ అంటారు. 1950ల నడుమ పుణె దగ్గర కనబడింది. దిగుమతి గోధుమలతో కలిసి వచ్చిందని చెబుతారు. ఒక్కో మొక్క వేలకొద్దీ విత్తనాలు రాలుస్తుంది. దీని ఆకులు తిని బతికే మెక్సికో పెంకుపురుగును 1984లో బెంగళూరులో వదిలారు. పురుగు తన పని తాను చేస్తోంది, మొక్క తన పని తాను చేస్తోంది. మధ్యలో నేను దిగాను.

శనివారం శ్రమదానం రోజున గ్లవుజులు, మూతికి గుడ్డ లేనిదే మొక్కను ముట్టుకోవద్దని మా హెడ్‌మాస్టరు గట్టిగా చెప్పాడు. పిల్లలు విన్నారు. నేను వినలేదు. చొక్కా చేతులు మడిచి, వట్టి చేతులతో వేళ్లతో సహా పీకి, కుప్పపోసి, దాని పక్కన నిలబడి ఫోటో దిగాను. పైగా ఉపన్యాసం: "ఏళ్ల తరబడి పీకుతున్నా. నాకేమన్నా అయిందా? ఇది పల్లెటూరి ఒళ్లు!" ధర్మవరం పల్లెటూరు ఎప్పుడైందో నాకే తెలియాలి.

శనివారం సాయంత్రం రైలెక్కి హిందూపురం పోయేవాణ్ణి. ఆదివారం అత్తగారింట్లో గుత్తివంకాయ, రాగిసంకటి, చెనిక్కాయల ఊరుబిండి. సోమవారం తెల్లారేసరికి రెప్పలు ఉబ్బి, మెడ ఎర్రబడి, మోచేతి మడతల్లో ఒకటే మంట, ఒకటే దురద. ఆదివారం తిన్నది వంకాయ, సోమవారం వచ్చింది దురద. ఇంకేం సాక్ష్యం కావాలి? నేరం వంకాయ మీద మోపాను.

అత్తగారు మారు మాట్లాడకుండా వంకాయ మానేసింది. దురద మానలేదు. చెనిక్కాయలను అనుమానించాను. అవీ పోయాయి. తర్వాత సంకటి వంతు వచ్చింది. ఆఖరికి ఆమె కూతుర్ని వంటింట్లోకి పిలిచి, నాకు వినబడేలాగే అడిగింది: "ఏం చేసిపెట్టమంటావే మీ ఆయనకు? నీళ్లు తాలింపు పెట్టేదా?"

మా ఆవిడ మాత్రం నన్ను సూటిగా అడిగింది. "ఎండాకాలం సెలవుల్లో నెలంతా మా ఇంట్లోనే ఉంటిరి కదా. రోజు మార్చి రోజు వంకాయే తింటిరి. అప్పుడెందుకు రాలేదు?" నియంత్రిత ప్రయోగం అంటే ఏమిటో పరీక్షల్లో నాలుగు మార్కులకు రాయించే మాస్టర్ని నేను. ఆ ప్రయోగం చేసి ఫలితం చేతిలో పెట్టింది ఆమె. "నీకేం తెలుసు, అప్పుడు లేత వంకాయలు" అన్నాను.

ఇప్పుడు తెలిసిన సంగతి చెబుతాను. వయ్యారిభామ ఆకుల మీదా కాడల మీదా సన్నని నూగు ఉంటుంది. అందులో పార్థెనిన్ అనే రసాయనం ఉంది. మొక్క ఎండినా అది పోదు. పొడిగా మారి గాలిలో లేస్తుంది. అందుకే గాలి తగిలే చోట్లలో, చెమట నిలిచే మడతల్లో దద్దురు ముందు కనబడుతుంది. పార్థెనిన్ చాలా చిన్న అణువు. ఒంటరిగా ఉంటే మన రక్షణ వ్యవస్థ కంట పడదు. చర్మంలోని ప్రోటీన్లలో గంధకం ఉండే సిస్టీన్ దగ్గర అతుక్కుంటుంది. అప్పుడు మన ప్రోటీనే మనకు పరాయిదిగా కనబడుతుంది.

అతుక్కున్నంత మాత్రాన గొడవ మొదలు కాదు. ఇక్కడేదో తేడాగా ఉందని ఎవరో చెప్పాలి. ఆ చెప్పే పని చర్మకణాలదే. బాహ్యచర్మంలో దాదాపు 90 శాతం కెరటినోసైట్లు. వాటి గురించి నేను చెప్పిన పాఠం చాలా చిన్నది: అడుగు పొరలో పుడతాయి, పైకి జరుగుతాయి, కెరటిన్‌తో నిండిపోతాయి, చచ్చి రాలిపోతాయి, అంతా కలిపి సుమారు నెల రోజులు. ఒంటికి పైతొడుగు, అంతే. రక్షణ అనగానే రక్తం, తెల్లకణాలు, యాంటీబాడీలు. చర్మానికి సొంత బుర్ర ఉంటుందని నాకే తెలియనప్పుడు పిల్లలకెలా చెబుతాను?

నిజానికి కెరటినోసైటు ఇంటర్‌ల్యూకిన్-1 ఆల్ఫా అనే సంకేత ప్రోటీన్‌ను ముందే తయారుచేసి లోపల దాచి ఉంచుకుంటుంది. కణం దెబ్బతింటే అది బయటికి వస్తుంది. దాని వెంట టీఎన్‌ఎఫ్ వంటి సంకేత ప్రోటీన్లు వస్తాయి. ఈ పిలుపుతో చర్మంలోని లాంగర్‌హాన్స్ కణాలు కదిలి, పార్థెనిన్ అంటుకున్న ప్రోటీన్ ముక్కలను మోసుకుని దగ్గరి లింఫ్ గ్రంథికి పోయి అక్కడి టీ కణాలకు చూపిస్తాయి. గుర్తుపట్టిన టీ కణాలు సంఖ్యలో పెరుగుతాయి. కొన్ని తిరిగొచ్చి చర్మంలోనే కాపురం పెడతాయి. ఇదంతా దురద లేకుండా, దద్దురు లేకుండా జరిగిపోతుంది. కొందరికి రెండు వారాలు చాలు, కొందరికి ఏళ్లు పడుతుంది. అంటే నేను 'నాకేమన్నా అయిందా' అని ఉపన్యాసమిచ్చిన ఏళ్లన్నీ నా చర్మం పాఠం నేర్చుకుంటున్న ఏళ్లే. పాఠం పూర్తయ్యాక మొక్క మళ్లీ తాకితే, దద్దురు ఒకటి నుంచి మూడు రోజుల్లో తేలుతుంది. శనివారం తాకింది సోమవారం తేలింది. మధ్యలో వచ్చిన ఆదివారానికి అత్తగారి వంకాయ బలైపోయింది.

తర్వాత చేసిన పని ఇంకా ఘనమైనది. మా ఇంట్లో పట్టు ఉడకబెట్టడం చూస్తూ పెరిగినవాణ్ణి. ముడిపట్టు బరువులో దాదాపు నాలుగో వంతు సెరిసిన్ అనే జిగురు ప్రోటీన్. సబ్బూ సోడా కలిపిన వేడినీళ్లలో ఉడికిస్తే ఆ జిగురు కరిగిపోయి పట్టు మెత్తబడుతుంది, మెరుపొస్తుంది, రంగు పడుతుంది. నా దురదకు కారణం ఒంటికి పట్టిన ఏదో జిడ్డు అని తేల్చుకున్నాక, అదే సబ్బుతో, ఓర్చుకోగలిగినంత వేడినీళ్లతో మెడా చేతులూ తోమడం మొదలుపెట్టాను. సెరిసిన్ ప్రోటీనే, చర్మమూ ప్రోటీనే అన్న ముక్క ఆ పూట గుర్తుకు రాలేదు.

ఆరోగ్యంగా ఉన్న చర్మం పైపొర కొంచెం ఆమ్లం, పీహెచ్ 5 చుట్టుపక్కల. సబ్బునీళ్లు 9, 10. చర్మం పైపొరలో కల్లిక్రీన్లనే ఎంజైములు ఉంటాయి. పాతకణాల మధ్య అతుకులు తెంచి రాలగొట్టడం వాటి పని. క్షారం పెరిగితే వాటికి జోరెక్కువవుతుంది. అవి అతుకులు తెంచడంతో ఆగవు, కెరటినోసైటు మీదుండే పార్-2 అనే గ్రాహకాన్నీ తట్టి లేపుతాయి. అప్పుడు కణం టీఎస్‌ఎల్‌పీ అనే సంకేత ప్రోటీన్ వదులుతుంది. టీఎస్‌ఎల్‌పీ రక్షణ కణాలను రెచ్చగొట్టడమే కాదు, నరాల కొసలను నేరుగా తాకి దురద పుట్టించగలదని 2013లో ఎలుకల మీద చేసిన పరిశోధనలో తేలింది. గోకితే కణాలు చిరిగి ఇంటర్‌ల్యూకిన్-33 కూడా తోడవుతుంది. దురద వస్తే తోమాను, తోమితే దురద వచ్చింది, వస్తే గోకాను, గోకితే ఇంకా వచ్చింది. శుభ్రత పేరుతో నేను చేసింది రోజూ నా చర్మానికి కోపం తెప్పించడం.

అప్పుడొచ్చింది ట్యూబు. మందుల షాపులో చీటీ లేకుండా అడిగి తెచ్చుకున్నాను. ఒకే గొట్టంలో గట్టి స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్. ఏ రోగమైనా మూడింట్లో ఏదో ఒకటి తగలకపోతుందా అని నా లెక్క. 2018లోనే కేంద్రప్రభుత్వం పైపూత స్టెరాయిడ్లను షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చి, డాక్టరు చీటీ ఉండాలంది. ట్యూబు మీద ఎర్రగీత పక్కన ఆ హెచ్చరిక అచ్చయ్యే ఉంది. కళ్లద్దాలు పెట్టుకునే చదివాను. 'అది తెలియనివాళ్ల కోసం' అనుకున్నాను.

రెండు రాత్రుల్లో దురద మాయం. ఆ మాయ ఎలా జరిగిందో చెప్పాలంటే కణం లోపలికి పోవాలి.

ఎన్‌ఎఫ్-కప్పా-బీ అనే ప్రోటీన్ ఉంది. 1986లో రంజన్ సేన్, డేవిడ్ బాల్టిమోర్ దాన్ని మొదట బీ కణాల్లో గుర్తించారు. చర్మకణంలోనూ ఉంది. మామూలు రోజుల్లో ఐ-కప్పా-బీ అనే ఇంకో ప్రోటీన్ దాన్ని పట్టుకుని కేంద్రకంలోకి పోనివ్వదు. ఇంటర్‌ల్యూకిన్-1 లాంటి సంకేతం అందితే ఐ-కప్పా-బీకి ఫాస్ఫేటు తగులుతుంది, కణం దాన్ని ముక్కలు చేసేస్తుంది. పట్టు వదిలిన ఎన్‌ఎఫ్-కప్పా-బీ కేంద్రకంలోకి పోయి మంట పుట్టించే జన్యువులను వరసగా లేపుతుంది. నన్ను ఆశ్చర్యపరిచిన సంగతి దీని తర్వాతిది. అది మొట్టమొదట లేపే జన్యువుల్లోనే కొత్త ఐ-కప్పా-బీ జన్యువు ఉంది, ఏ20 అనే మరో నిరోధకం జన్యువూ ఉంది. మొదలుపెట్టమనే ఆజ్ఞలోనే ఆపమనే ఆజ్ఞ కూడా రాసి ఉంది.

అక్కడితో అయిపోలేదు. టీఎన్‌ఎఫ్ వంటి సంకేత ప్రోటీన్ల ఎంఆర్‌ఎన్‌ఏ తోక దగ్గర ఒక వరస ఉంటుంది. ట్రిస్టెట్రాప్రోలిన్ అనే ప్రోటీన్ దాన్ని గుర్తుపట్టి ఆ ఎంఆర్‌ఎన్‌ఏను త్వరగా ముక్కలు చేయిస్తుంది. ఇంటర్‌ల్యూకిన్-1 బీటా పనికిరాని రూపంలో తయారవుతుంది. కాస్పేస్-1 అనే ఎంజైము కోస్తేనే పదునెక్కుతుంది. ఇంటర్‌ల్యూకిన్-1 తాకాల్సిన గ్రాహకాన్ని తానే ఆక్రమించి, ఏ సంకేతమూ పంపకుండా ఊరకే కూర్చునే నిరోధకాన్ని కూడా అదే చర్మకణం తయారుచేసుకుంటుంది. టీ కణాలు ఇంటర్‌ఫెరాన్-గామా వదిలితే కెరటినోసైటు కీమోకైన్లనే సంకేత ప్రోటీన్లతో మరిన్ని టీ కణాలను పిలుస్తుంది; అదే ఇంటర్‌ఫెరాన్-గామా అందుకుని ఎస్‌ఓసీఎస్-1 అనే ప్రోటీన్‌తో ఆ సంకేతాన్ని తగ్గించుకుంటుంది, పీడీ-ఎల్1 అనే ప్రోటీన్‌ను పైకి చూపి ఇక చాలని టీ కణాలకు చెబుతుంది.

ఈ నిరోధకాల్లో ఒక్కటి లేకపోతే ఏమవుతుందో చూడటానికి ఎక్కువ దూరం పోనక్కర్లేదు. ఇంటర్‌ల్యూకిన్-1 గ్రాహకం దగ్గర కూర్చునే ఆ నిరోధకం పుట్టుకతోనే లేని పసిపిల్లల గురించి 2009లో ప్రచురించారు. ఏ సూక్ష్మజీవీ లేకుండానే ఒళ్లంతా చీముపొక్కులు, ఎముకల్లో వాపు. అదే నిరోధకాన్ని పోలిన అనకిన్రా ఇంజక్షన్ ఇస్తే తగ్గింది. 2011లో ట్యునీసియా కుటుంబాల్లో ఇంటర్‌ల్యూకిన్-36కు అలాంటి నిరోధకం చెడిపోయిన మనుషులు కనిపించారు. వాళ్లకూ చీముపొక్కుల సోరియాసిస్. ఆ దారిని అడ్డుకునే స్పెసోలిమాబ్‌కు 2022లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఈ రోగుల్లో ఇమ్యూనిటీకి కొరత లేదు. కొరత పగ్గానికే.

ధర్మవరం మనిషికి ఇది పడుగు దగ్గరే అర్థం కావాలి. పడుగు వదులైతే నేత పడదు, మరీ బిగిస్తే పోగులు తెగుతాయి; నేతగాడి పనితనమంతా ఆ బిగువు చూసుకోవడంలో ఉంది. బిగువు పెంచే పొడి ఇదిగో అని ఎవరన్నా మా మేనమామకు అమ్మడానికి వస్తే, మగ్గం గుంతలోంచి లేవకుండానే తరిమేసేవాడు. ఆయన మేనల్లుణ్ణి నేను. కరోనా రోజుల నుంచీ ఇమ్యూనిటీ పెంచే డబ్బాలు వరసగా కొంటూ వచ్చాను. ఏ కణానిది పెంచాలి, ఏ సంకేతాన్ని పెంచాలి, ఎంతవరకు పెంచి ఎక్కడ ఆపాలి అని డబ్బా మీద రాసుండదు. నేనూ అడగలేదు.

ఇక రాత్రిపూట ట్యూబు. స్టెరాయిడ్ కణంలోకి దూరి, తన గ్రాహకాన్ని పట్టుకుని ఎన్‌ఎఫ్-కప్పా-బీ పనిని అణచేస్తుంది. నిజానికి ఇది మన ఒంటి భాషే, అడ్రినల్ గ్రంథి కార్టిసాల్‌తో చేసే పనే. సరైన బలంలో, సరైన చోట, సరైనన్ని రోజులు వాడితే స్టెరాయిడ్ అంత మంచి మందు తక్కువ. నేను గట్టిరకం తీసుకుని, ఒంట్లో అతి పల్చని చర్మం ఉండే కంటిరెప్పల మీద, నెలల తరబడి పూశాను. అది కొల్లాజెన్ తయారీని కూడా తగ్గిస్తుంది. చర్మం పల్చబడి మెడ మీద ఎర్రని సన్న రక్తనాళాలు తేలాయి. కళ్ల దగ్గర ఎక్కువకాలం వాడితే కంటి ఒత్తిడి పెరిగే ప్రమాదమూ ఉంది. ఆపిన ప్రతిసారీ దురద రెట్టింపై తిరిగొచ్చేది. ఎందుకు రాదు? మొక్కను పీకడం నేనింకా మానలేదుగా. దురద తగ్గిందన్న ధైర్యంతో శనివారాలు ఇంకా ఎక్కువ పీకాను.

చివరికి మా ఆవిడే హిందూపురంలో చర్మవైద్యురాలి దగ్గరికి లాక్కెళ్లింది. డాక్టరమ్మ నా రెప్పలు చూసి, మెడ చూసి, మోచేతి మడతలు చూసి, వంకాయ చరిత్ర అంతా ఓపిగ్గా విని, ఒకటే అడిగింది: "సార్, మీ బడి చుట్టూ వయ్యారిభామ ఉందా?" వీపు మీద ప్యాచ్‌లు అంటించి రెండు రోజులకు విప్పి చూసింది, ఇంకో రెండు రోజులాగి మళ్లీ చూసింది. వయ్యారిభామ ఉన్న గడి దగ్గర ఎర్రగా ఉబ్బింది. వంకాయకు విడుదల.

రెప్పలకు చర్మాన్ని పల్చబరచని టాక్రోలిమస్ రాసింది. ట్యూబును ఎలా తగ్గించుకుంటూ రావాలో చెప్పింది. లోపలికి అజాథయోప్రిన్ ఇచ్చింది. దానికి ముందూ తర్వాతా తెల్లకణాల లెక్క, కాలేయం పరీక్షలు తప్పవంది. కాలేయం మీద కన్నేసి ఉంచాల్సిన మందు కాబట్టి కషాయాలూ పొడులూ అన్నీ బంద్. ఇంటికొచ్చి ఆ మందు పుట్టుక చదివాను. గెర్ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్ తయారుచేసింది. 1988లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఆ హిచింగ్స్ హార్వర్డ్‌లో జీవరసాయన విభాగంలో చదువుకున్న రోజుల్లో అక్కడే పనిచేస్తున్నవాడు మన యల్లాప్రగడ సుబ్బారావు. క్విజ్ పోటీల్లో సుబ్బారావు పేరు అడిగి పిల్లల్ని హడలగొట్టేవాణ్ణి. ఆయన పేరు నా ఒంటిమీదికి ఈ దారిన వస్తుందనుకోలేదు.

ఇప్పుడు చాలావరకు నయం. మొక్క జోలికి పోను. పొడుగు చేతుల చొక్కా, గోరువెచ్చని నీళ్లు, తోముడు లేని స్నానం, వెంటనే మాయిశ్చరైజరు. టీ కణాల జ్ఞాపకం మాత్రం పోదట. రైలు కిటికీలోంచి ఎండిన వయ్యారిభామ పొడి కొడితే మెడ ఇప్పటికీ గుర్తుచేస్తుంది. అత్తగారికి క్షమాపణ చెప్పాను. "వంకాయకు చెప్పు నాయనా" అంది.

ఒక అప్పు మిగిలిపోయింది. ట్యూబు మహిమ తలకెక్కిన రోజుల్లో దాన్ని స్టాఫ్‌రూమంతా పంచాను. లెక్కల మాస్టరుకు గజ్జల్లో తామర; దానికీ అదే రాయించాను. తామర మీద స్టెరాయిడ్ పూస్తే ఎరుపూ దురదా తగ్గినట్టు కనబడి, కింద ఫంగస్ మాత్రం హాయిగా పాకుతుంది. మొన్న ఆయన్ను కూర్చోబెట్టి ఐ-కప్పా-బీ నుంచి అజాథయోప్రిన్ దాకా అంతా చెప్పాను. డాక్టరు దగ్గరికి పొమ్మన్నాను. ఆయన తలాడిస్తూ విన్నాడు. అంతా అయ్యాక గొంతు తగ్గించి, "బాగా చెప్పినారు సార్. మా బామ్మర్దికి కూడా అదే బాధ. ఆ ట్యూబు పేరేమన్నారు?" అన్నాడు.

పేరు నోటిదాకా వచ్చింది. ఈసారి మింగేశాను.